మూడు మెట్లు

2017 ఎండాకాలంలో తాగునీటి పైపు వేయడానికి మా గల్లీని నడిమికి కోశారు. ముందు ఒక కోత మిషను వచ్చి సిమెంటు మీద రెండు గీతలు గీసింది. దాని వెనక జేసీబీ వచ్చింది. పొద్దుగూకేసరికి గల్లీ పొడుగునా నడుములోతు కాలువ. ఇంట్లోకి పోవాలంటే చెక్క వేసుకొని దాటాలి. అందరూ గొణుక్కుంటూ దాటుతున్నారు. నేను మాత్రం చీర కుచ్చెళ్లు పైకి దోపుకొని ఆ కాలువ అంచున కూర్చున్నాను. ఎదురింటి పిల్లగాడు ఆగి, "టీచరమ్మా, ఏమన్న పడ్డదా?" అని అడిగాడు. చెవికమ్మ పోయిందనుకున్నాడేమో, సెల్‌ఫోన్ లైటు కూడా వేశాడు.

ఆ లైటు నాకు బాగా పనికొచ్చింది. కోసిన అంచున పొరలు పొరలుగా గల్లీ కనబడింది. పైన ఆరంగుళాల మందాన తెల్లటి సిమెంటు. దాని కింద కొంచెం పలచగా, వాన తిన్న బండ రంగులో ఇంకో సిమెంటు. ఆ కింద కంకర. కంకర కింద మొరం, అది కూడా రెండు తీర్లు: ఒకటి ఇటుక రంగు, ఒకటి గోధుమ రంగు. అన్నిటికన్నా అడుగున నల్లరేగడి, అందులో కుండపెంకులు, ఒక ఆకుపచ్చ గాజుముక్క. నేను ముప్పై నాలుగేండ్లు జిల్లా పరిషత్ బడుల్లో తెలుగు చెప్పి రిటైరయిన దాన్ని. చదవడం తప్ప వేరే పని చేతకాదు. ఆ సాయంత్రం ఆ మట్టిగోడనే చదివాను.

దానికి ముందు మా మెట్ల సంగతి చెప్పాలి. మా బాపమ్మ ఆర్మూరుకు కాపురానికి వచ్చినప్పుడు గల్లీలోంచి మా గద్దె మీదికి మూడు మెట్లు ఎక్కాలట. చిన్నప్పుడు నేను ఎక్కినవి రెండు. నా పెండ్లినాటికి ఒకటి. ఇప్పుడు గల్లీలోంచి మా ఇంట్లోకి రెండు మెట్లు దిగాలి. ఇల్లు కుంగలేదు. పాతకాలం రాతి పునాది, వెంట్రుకంత జరగలేదు. లేచింది గల్లీ. మెట్టుకు ఏడంగుళాల చొప్పున లెక్కేస్తే ముప్పై అయిదు అంగుళాలు, మూడడుగులకు ఒక్క అంగుళం తక్కువ. మా ఊరి పేరే ఒక లెక్క అంటారు కదా. సిద్ధులగుట్ట మీద తపస్సు చేసిన నవనాథులు తొమ్మిది మంది, ఆరు మూడు కలిపితే తొమ్మిది, అది ఆర్మూరు అయిందని. ఆ లెక్క ఎంత నిజమో గుట్ట మీది రాళ్లకే తెలియాలి. ఈ ముప్పై అయిదు అంగుళాలను మాత్రం నేను స్కూలు టేపుతో కొలిచాను.

ఇన్ని అంగుళాలు ఎవరెవరు, ఎప్పుడెప్పుడు, ఏమని తీర్మానించి వేశారన్నదే నేను రాయదలచుకున్నది.

అడుగున ఉన్న నల్లమట్టి నిజాం కాలంది. అప్పుడు మా జిల్లా పేరు ఇందూరు. రైలు వచ్చిన కొన్నేండ్లకు, 1905లో, అది నిజామాబాదు అయింది. ఆర్మూరు తాలూకా కేంద్రం. తహసీలు కచేరీ ఉండేది, పట్టు నేసే మగ్గాలు ఉండేవి, పక్కనే హైదరాబాదు నుంచి నాగపూరు పోయే బాట. రైతు కట్టే శిస్తులో రూపాయికి ఒక అణా లోకల్ ఫండ్ అని అదనంగా తీసుకునేవాళ్లు. బాటలకు, బడులకు, దవాఖానాలకు ఆ అణాలే ఆధారం. అయితే ఆ అణా మా గల్లీ దాకా ఎన్నడూ నడిచి రాలేదు. అది పెద్దబాట మీదనే ఖర్చయ్యేది. గల్లీ అనేది సర్కారు లెక్కలో లేని జాగా.

మరి ఎవరి లెక్కలో ఉండేది? మా బాపమ్మ మాటల్లో చెప్పాలంటే, "గల్లి ఎవలది బిడ్డా? ఊడ్చినోళ్లది." తెల్లారకముందే ప్రతి ఇంటి ఆడమనిషి తన గోడ మొదలు గల్లీ నడుమ దాకా ఊడ్చి సాన్పి చల్లేది. పేడనీళ్లు ఎంతవరకు పడితే అంతవరకు ఆ ఇంటి వాకిలి. ఎదురింటామె అటునుంచి చల్లుకుంటూ వచ్చేది. రెండు సాన్పులు నడుమ కలిసిన చోట ఒక గీత పడేది, ఆ గీతే హద్దు. పట్వారీ నక్షాలో లేని హద్దు అది. దాని మీద కొట్లాటలు కూడా అయ్యేవి, ఎక్కువగా ముగ్గు దగ్గర. గల్లీలో గుంత పడితే ఆ గుంత ఎవరి సాన్పిలోకి వస్తే వాళ్లే పూడ్చుకోవాలి.

ఇది చెప్తుంటే ముచ్చటగానే ఉంటుంది. అయితే మా గల్లీ ఊరి నడుమ రైతుల గల్లీ. ఊరిని ఊడ్చే పని, చచ్చిన గొడ్డును లాగే పని, కచ్చీరు ముందు చాకిరీ కొన్ని కులాల మీద వెట్టిగా ఉండేవి. ఊరంతా ఊడ్చినవాళ్ల వాడలోకి వానాకాలం మోకాలిలోతు బురదలో నడిచి పోవాలి. ఊడ్చినవాళ్లదే గల్లీ అన్న మా బాపమ్మ సూత్రం అక్కడ చెల్లలేదు.

ఇక పసుపు. మా ఊరు చుట్టూ నేల పసుపు నేల. వానాకాలం మొదట్లో పెడితే తొమ్మిది నెలలు భూమిలోనే ఉంటుంది, కాన్పు లెక్క. సంక్రాంతి దాటినంక తవ్వుడు మొదలు. తవ్వింది అట్లే అమ్మలేము. కడాయిలో నీళ్లు పోసి ఉడకబెట్టాలి. నురగ వచ్చి, తెల్లటి పొగ లేచి, పుల్ల గుచ్చితే మెత్తగా దిగాలి. ఆ తరువాత ఎండ. పదిహేను రోజులకు తక్కువ కాకుండా ఎండాలి. ఎండినంక రుద్దాలి. ఇప్పుడు డ్రమ్ములు తిరుగుతున్నాయి గాని, అప్పుడు కాళ్లకు గోనెసంచి చుట్టుకొని కొమ్ముల మీద తొక్కేవాళ్లు. కాడి వేరు, గోళ వేరు, చూర వేరు. మూడింటికి మూడు ధరలు.

పొలంలో కల్లం ఉన్నవాళ్లు అక్కడే ఎండబోసుకునేవాళ్లు. దొంగల భయం ఉన్నవాళ్లు, నాలుగు బస్తాల చిన్న రైతులు ఇంటిముందుకు తెచ్చుకునేవాళ్లు. మాఘం, ఫాల్గుణం రెండు నెలలు మా గల్లీ నేల కనబడేది కాదు. రెండు వైపులా పసుపు, నడుమ మనిషి పట్టేంత బాట. మేము బడికి ఒంటికాలు మీద పోయినట్టు పోయేవాళ్లం. మేక వస్తే గల్లీ అంతా అదిలించేది. పసుపు ఎండుతున్నప్పటి వాసన వంటింటి పసుపు వాసన కాదు. కొంచెం మట్టి, కొంచెం కర్పూరం, కొంచెం తడి చెక్క. ఆ రెండు నెలలు సాన్పి బంద్. తడి నేల మీద పోస్తే బూజు పడుతుంది, పేడ అంటితే రంగు పోతుంది. అందుకని అంతకు ముందే, పుష్యమాసంలో, గల్లీ వాళ్లంతా మొరం తెచ్చి పోసి, నీళ్లు చల్లి, దిమ్మిసతో కొట్టి నేలను గట్టి చేసేవాళ్లు. ఇంటికి ఒక బండి. బండి లేనివాళ్లు మనిషి కష్టం.

కాలువలో నాకు కనబడిన గోధుమరంగు మొరం అదే అని నా నమ్మకం. ఎవరూ కాగితం మీద రాయలేదు, ఎవరూ సంతకం పెట్టలేదు. పసుపుకు మంచి నేల కావాలి కాబట్టి గల్లీ మొదటిసారి ఎత్తయింది. ఏడాదికి గోరంత. వానలకు సగం కొట్టుకుపోయేది, మళ్లీ పుష్యంలో పోసేవాళ్లు. మూడు మెట్లలో ఒకటి ఇట్ల కరిగింది.

ఇటుకరంగు మొరం పంచాయతీది.

1956లో హైదరాబాద్ రాష్ట్రం పోతూ పోతూ ఒక గ్రామ పంచాయతీ చట్టం చేసి పోయింది. ఆ నవంబరులో ఆంధ్రప్రదేశ్ వచ్చింది. 1959లో నెహ్రూ షాద్‌నగర్ వచ్చి పంచాయతీరాజ్‌ను ప్రారంభించాడు, సమితులు, జిల్లా పరిషత్తులు పుట్టాయి. ఇటు తెలంగాణకు ఒక చట్టం, అటు ఆంధ్రకు మద్రాసు నాటి చట్టం నడుస్తుంటే 1964లో రెండింటినీ కలిపి ఒకటి చేశారు. అప్పుడు మొదటిసారి గల్లీ సర్కారు కాగితం మీదికి ఎక్కింది. బాటలు వేయడం, మోరీలు తీయడం, దీపాలు పెట్టడం పంచాయతీ బాధ్యత అని చట్టంలో రాశారు. దానికి బదులుగా ఇంటిపన్ను వచ్చింది. మా బాపమ్మకు ఇంటిపన్ను అర్థమే కాలేదు. "మన ఇంట్ల మనం ఉంటానికి పైసలెందుకు?" అని, పన్ను వసూలుకు వచ్చినాయనను గద్దె మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి పంపేది. ఆయన మజ్జిగ తాగి పోయేవాడు, మళ్లీ నెలకు వచ్చేవాడు.

మా బాపు ఆ రోజుల్లో ఒక విడత వార్డు మెంబరు. మీటింగు నాడు తెల్లటి ధోవతి కట్టుకొని పోయేవాడు. తీర్మానాల పుస్తకంలో రాసే వాక్యం ఒకటి ఉంటుంది: చర్చించి ఏకగ్రీవంగా తీర్మానించడమైనది. బాపు ఇంటికి వచ్చి ఆ వాక్యం ఎట్ల పుట్టిందో చెప్తే అమ్మ నవ్వేది. చర్చ అంతా హోటల్లో చాయ్ దగ్గర ముందే అయిపోయేది. ఏకగ్రీవం అంటే, ఈసారి మీ గల్లీకి, వచ్చేసారి మా గల్లీకి. తెలుగు చెప్పేదాన్ని కాబట్టి చెప్తున్నాను, ఆ వాక్యంలో కర్త లేడు. తీర్మానించినది ఎవరో ఆ వాక్యం చెప్పదు. మోరి మురిగిపోయినా, బాట కుంగినా అడగడానికి మనిషి దొరకడు. మన గల్లీల చరిత్ర అంతా ఈ కర్తలేని వాక్యాల్లో రాసి ఉంది.

బాపు మెంబరుగా ఉన్నప్పుడు మా గల్లీకి పది బండ్ల ఎర్రమొరం వచ్చింది. మెంబరు గల్లీకి రాకపోతే ఎవరి గల్లీకి వస్తుంది? నేను ఆయన బిడ్డనే అయినా ఆ మాట దాచను. వెనక సందులో ఆ ఏడు వానలకు ఒక గోడ కూలింది, ఆ సందుకు రావలసిన మొరమే మాకు వచ్చిందని వాళ్లు చాలా ఏండ్లు అన్నారు. బాపు దానికి ఎన్నడూ జవాబు చెప్పలేదు.

కంకర ఎందుకు వచ్చిందో నాకు కొంచెం బాగా తెలుసు. 1963లో పోచంపాడు దగ్గర గోదావరి మీద ప్రాజెక్టుకు నెహ్రూ శంకుస్థాపన చేశాడు. మాకు పెద్ద దూరమేమీ కాదు. అదే తరువాత శ్రీరాంసాగర్ అయింది. నీళ్లు, కరెంటు బోర్లు, వాటి వెంట పసుపు, మక్క, ఎర్రజొన్న పెరిగాయి. పంట పెరిగితే బండ్లు చాలవు, లారీ రావాలి. ఆర్మూరు పసుపు నిజామాబాదు మార్కెట్‌కు పోతుంది, ధర బాగుంటే మహారాష్ట్రలోని సాంగ్లీ దాకా పోతుంది. లారీ లోపలికి వచ్చే గల్లీలో ఉన్న రైతుకు హమాలీ ఖర్చు తక్కువ. అడ్తీ వ్యాపారి ఇల్లు ఏ గల్లీలో ఉంటే ఆ గల్లీలో ముందు కంకర పడింది. మా గల్లీ మలుపులో ఒక వ్యాపారి గోదాము ఉండేది. మా అదృష్టం అంతే. చిన్నప్పుడు చదివిన సివిక్స్ పుస్తకంలో ప్రజల అవసరాలను బట్టి పనులు నిర్ణయిస్తారని ఉండేది. లారీ టైరు కూడా ప్రజల్లో ఒకటని ఆ పుస్తకం చెప్పలేదు.

ఇక్కడ కొద్దిసేపు ఊళ్లలోకి పోవాలి. ఆర్మూరు చుట్టుపట్ల గల్లీ గురించి రాస్తూ గ్రామాభివృద్ధి కమిటీ గురించి రాయకపోతే అది అబద్ధం రాసినట్టు. మా వైపు ఏ ఊరికి పోయినా పంచాయతీ ఆఫీసు ఒకటి ఉంటుంది, కమిటీ ఒకటి ఉంటుంది. కొన్నిచోట్ల సర్వసమాజ్ అంటారు. కులానికి ఒకరిద్దరు చొప్పున పెద్దమనుషులు కూర్చుంటారు. దీనికి ఏ చట్టంలోనూ చోటు లేదు. అయినా సర్పంచ్‌గా నిలబడాలనుకునేవాడు ముందు కమిటీ గద్దె దగ్గరికే పోతాడు.

నేను పని చేసిన ఒక ఊళ్లో బడి ముందు బాట ఆరేండ్లు బురదే. పిల్లలు చెప్పులు చేత పట్టుకొని వచ్చేవాళ్లు. నేను, హెడ్‌మాస్టరు సారు కాగితాలు రాసి రాసి అలిసిపోయాం. చివరకు సారు ఒకనాడు కమిటీ దగ్గరికి పోయాడు. వాళ్లు వారంలో ట్రాక్టర్లు పెట్టి మొరం పోసి, రోలరు తెచ్చి తొక్కించారు. పైసలు ఎక్కడివి? వేలంపాటవి. ఊళ్లో కోడిమాంసం ఎవరు అమ్మాలి, చెరువులో చేపలు ఎవరు పట్టాలి, కల్లు, బెల్టు షాపు, వాగు ఇసుక, అన్నిటికీ పాట. పాట గెలిచినవాడు కమిటీకి పైసలు కడతాడు, ఊరివాళ్లకు ధర పెంచి అమ్ముతాడు. అంటే మా బడి బాట మీద పడిన మొరంలో తాగినవాడి పైసలు, కూర వండుకున్నవాళ్ల పైసలు, ఇసుక పోయిన వాగు అన్నీ కలిసి ఉన్నాయి. ఇంటిపన్ను కట్టడానికి నెలలు తిప్పే మనుషులు కమిటీకి మాత్రం గడువులోపు కట్టేవాళ్లు. ఎందుకంటే కట్టకపోతే ఏమవుతుందో అందరికీ తెలుసు.

ఏమవుతుందంటే, చాటింపు అవుతుంది. ఫలానా ఇంటివాళ్లతో మాట్లాడితే జుర్మానా. వాళ్లకు కిరాణం ఇవ్వొద్దు, మంగలి పోవద్దు, పనికి పిలవొద్దు, వాళ్ల పనికి పోవద్దు. ఒక్కొక్కసారి ఒక ఇల్లు కాదు, ఒక కులం మొత్తం. మా జిల్లాలో ఇవి పత్రికలకు ఎక్కాయి, పోలీసు కేసులయ్యాయి, కలెక్టర్లు హెచ్చరించారు. నా తరగతిలో ఒక పిల్ల పదిరోజులు ఒంటరిగా బెంచీ మీద కూర్చుంది. పక్కన కూర్చోవద్దని మిగతా పిల్లలకు ఇండ్లల్లో చెప్పి పంపారు. నేను ఆ పిల్ల పక్కన కూర్చొని పాఠం చెప్పాను, నాకు చేతనైంది అదే. బడి ముందు మాత్రం బాట నున్నగా ఉంది. ఆ బాట మీదనే ఆ పిల్ల ఒక్కతే నడిచి వచ్చేది.

కమిటీలను మెచ్చుకునేవాళ్లు ఒక సగం చెప్తారు, తిట్టేవాళ్లు ఇంకో సగం చెప్తారు. నాకు రెండూ ఒకే ఊళ్లో, ఒకే ఏడాది కనబడ్డాయి. పంచాయతీ చేతిలో పైసలు లేని రోజుల్లో ఊరు తన చేతిలో ఉన్నదాంతో బాట వేసుకుంది. ఆ చేతికి అడ్డు చెప్పే చట్టం దగ్గరలో లేదు. 2019 పార్లమెంటు ఎన్నికల్లో పసుపు బోర్డు కోసం, మద్దతు ధర కోసం నిజామాబాద్ స్థానంలో 178 మంది రైతులు పోటీలో నిలిచినప్పుడు దేశమంతా ఆశ్చర్యపోయింది. మొత్తం అభ్యర్థులు 185 మంది, పోలింగు బూతులో పన్నెండు ఓటింగు యంత్రాలు వరసగా పెట్టారు. నాకు మాత్రం ఆశ్చర్యం అనిపించలేదు. పదిమంది కూర్చొని ఒక మాట అనుకుంటే దాని మీద నిలబడడం ఈ నేలకు అలవాటే. మంచికీ, చెడుకూ.

సరే, గల్లీకి వద్దాం. పై రెండు పొరలు సిమెంటువి.

1984లో పటేల్, పట్వారీ వ్యవస్థ పోయింది. రెండేండ్లకు సమితులు పోయి మండలాలు వచ్చాయి. 1992లో రాజ్యాంగ సవరణలు, 1994లో కొత్త పంచాయతీరాజ్ చట్టం. పుస్తకంలో ఇవన్నీ పెద్ద మలుపులు. గల్లీలో నిలబడి చూస్తే అంతకన్నా పెద్ద మలుపు 1993లో ఎంపీ నిధులు మొదలవడం, వాటి వెనక ఎమ్మెల్యేల కోటా రావడం. అంతవరకు బాట కావాలంటే పంచాయతీని అడిగేవాళ్లం. ఆ తరువాత మనిషిని అడగడం మొదలుపెట్టాం. బాట చివర శిలాఫలకం లేచింది. తీర్మానంలో లేని కర్త శిలాఫలకం మీద బంగారు అక్షరాల్లో కనబడ్డాడు.

మొదటి సిమెంటు పడిననాడు గల్లీ అంతా పండుగ. మిల్లరు తిరుగుతుంటే ముసలివాళ్లు కుర్చీలు వేసుకొని చూశారు. సిమెంటు ఒకటి, ఇసుక రెండు, కంకర నాలుగు అని మేస్త్రీ చెప్తుంటే మా తమ్ముడు బకెట్లు లెక్కపెట్టాడు, లెక్క తప్పినప్పుడల్లా అరిచాడు. సాయంత్రం సిమెంటు ఇంకా పచ్చిగా ఉన్నప్పుడు వాడు ఇంట్లోంచి ఒక పసుపు కొమ్ము తెచ్చి మా కడప ముందు అద్ది తీశాడు. కణుపులతో సహా అచ్చు పడింది. తెల్లారి మట్టితో చిన్నచిన్న గట్లు కట్టి నీళ్లు నిలబెట్టారు. రెండు వారాలు గల్లీ అంతా పొలం మడుల్లా మెరిసింది.

మడులు తీసేసినంక అమ్మ అలవాటు ప్రకారం సాన్పి చల్లింది. పేడనీళ్లు నిలువలేదు, జారుకుంటూ పోయి మూడిండ్ల అవతల మోరిలో పడ్డాయి. ఆ ఇంటామె బయటకు వచ్చి, "గిదేం పద్ధతి వదినె, నీ సాన్పి నా వాకిట్లకు?" అంది. రెండు సాన్పుల నడుమ గీత ఆనాటితో పోయింది. తరువాత నీళ్లు చల్లి చాక్‌పీసు ముగ్గు వేసేవాళ్లు, ఆ తరువాత రంగు వేసిన ముగ్గులు. గల్లీ ఇప్పుడు ఊడ్చినవాళ్లది కాదు. గుంత పడితే ఎవరి గుంతో ఎవరికీ తెలియదు.

అయితే పసుపుకు మాత్రం సిమెంటు మహా బాగా కుదిరింది. దుమ్ము లేదు, తడి లేదు, కింద కాలుతుంది. రెండు మూడు ఏండ్లు మా గల్లీలో ఎండినంత పసుపు కల్లాల్లో ఎండలేదు. ఆ తరువాత మోటారు సైకిళ్లు ఎక్కువై, గల్ఫు పోయి వచ్చినవాళ్ల కార్లు వచ్చి, పసుపు గల్లీ వదిలి మళ్లీ పొలానికి పోయింది. ఇప్పుడు ఊళ్లలో బాటల మీద ఎండబోస్తే ప్రమాదాలు అవుతున్నాయని పోలీసులు వద్దంటున్నారు. మా గల్లీ పిల్లలు పసుపును డబ్బాలోనే చూశారు. 2025 సంక్రాంతి నాడు జాతీయ పసుపు బోర్డు నిజామాబాదులో మొదలైందని టీవీలో చెప్తుంటే, మా మనవరాలు పసుపు చెట్టుకు కాస్తుందా అని అడిగింది.

2006లో ఆర్మూరు పంచాయతీ పోయి మున్సిపాలిటీ అయింది. పెర్కిట్, మామిడిపల్లి ఇప్పుడు ఇందులోవే. ఊరు పట్నమైతే పన్ను పెరుగుతుంది, ఉపాధి హామీ పని పోతుంది. ఇట్లాంటి విలీనాలకు ఏ ఊరైనా ముందు గింజుకునేది అందుకే. మా ఊరిలో సర్పంచ్ పోయి చైర్మన్ వచ్చాడు, వార్డు మెంబరు కౌన్సిలర్ అయ్యాడు. మీటింగులో ఎజెండా, ఎస్టిమేటు, టెండరు, ఎంబీ అనే మాటలు పెరిగాయి. ఎంబీ అంటే కొలతల పుస్తకం. ఎంత పొడుగు, ఎంత వెడల్పు, ఎంత మందం వేశారో రాసి బిల్లు చేసే పుస్తకం. బాట మందం రాస్తారు గాని, బాట పక్క ఇంటి కడప ఎంత ఎత్తున ఉందో రాసే గడి అందులో ఉండదు.

రెండో సిమెంటు సంగతి చెప్పేముందు ఒకటి ఒప్పుకోవాలి. మొదటి సిమెంటు పెచ్చులు లేచినంక కొత్తది వేస్తామన్నారు. కొలతలకు వచ్చిన ఇంజనీరు, కుర్రవాడు, గల్లీ నడుమ నిలబడి మమ్మల్నే అడిగాడు: పాతది తవ్వి వేయాలా, మీదనే వేయాలా? తవ్వితే పదిహేను రోజులు బండ్లు రావు, మోరీలు మూసుకుంటాయి, నల్లాలు పగులుతాయి. మేమంతా ఒక్క నోటితో మీదనే వేయమన్నాం. నేను కూడా అన్నాను. కూతురి పెండ్లి దగ్గర పడింది, ఇంటిముందు పందిరి వేయాలి. చర్చించి ఏకగ్రీవంగా తీర్మానించడమైనది. మూడు రోజుల్లో పని అయిపోయింది. తమ్ముడి పసుపు కొమ్ము అచ్చు దాని కిందికి పోయింది. ఆ వానాకాలం మా ఇంట్లోకి మొదటిసారి నీళ్లు వచ్చాయి, పడమటి అర్ర దాకా. సిద్ధులగుట్ట రాళ్ల మీద నీళ్లు నిలువవు, పడినవి పడినట్టు ఊళ్లోకి దిగుతాయి. ఇదివరకు గల్లీయే వాటి కాలువ. గల్లీ లేచేసరికి మా ఇల్లు కాలువ అయింది. తిట్టడానికి ఎవరన్నా ఉంటే బాగుండేది.

2019లో కొత్త మున్సిపల్ చట్టం వచ్చింది. 2020 జనవరిలో ఎన్నికలు, ఆర్మూరుకు 36 వార్డులు. ఫిబ్రవరిలో పట్టణ ప్రగతి అని పెట్టి వార్డుకు నాలుగు కమిటీలు వేశారు: యువకులకు ఒకటి, మహిళలకు ఒకటి, వృద్ధులకు ఒకటి, ప్రముఖులకు ఒకటి. ఒక్కోదాంట్లో పదిహేను మంది, అంటే వార్డుకు అరవై మంది. మహిళల్లో వేయాలా వృద్ధుల్లో వేయాలా అని కొద్దిసేపు ఆలోచించి నన్ను వృద్ధుల్లో వేశారు. బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి పెట్టాలని ఆ చట్టంలో ఉంది. మా గల్లీలో చెట్టు పెట్టడానికి జానెడు మట్టి ఎక్కడుందో చూపించమంటే ఎవరూ చూపలేకపోయారు. గోడ నుంచి గోడ దాకా మూడడుగుల చరిత్రే.

ఒక మీటింగులో లేచి చెప్పాను, ఇకముందు ఏ గల్లీలో వేసినా పాతది తవ్వి తీసి, అదే మట్టానికి వేయాలని. కొత్తగా కట్టుకున్నవాళ్లు ఊరుకున్నారు, వాళ్ల ఇండ్లు ముందే అయిదడుగుల బేస్‌మెంట్ మీద ఉన్నాయి. పాత ఇండ్ల వాళ్లు తలకాయలు ఊపారు. ఒకాయన మాత్రం, "తవ్వుడు ఖర్చుతోని ఇంకో గల్లి ఏసుకోవచ్చు గద టీచరమ్మా" అన్నాడు. ఆయనది వెనక సందు, మా బాపు కాలంలో మొరం రాని సందు. వాళ్లకు ఈనాటికీ ఒకటే పొర. నా దగ్గర జవాబు లేదు. తీర్మానాల పుస్తకంలో ఏమి రాశారో చూడలేదు. నెల తిరగకముందే కరోనా వచ్చింది, మీటింగులు ఆగిపోయాయి. 2025 జనవరిలో పాలకవర్గం గడువు తీరి ప్రత్యేక అధికారి వచ్చాడు.

ఇప్పుడు మా అబ్బాయి ఇల్లు పడగొట్టి కట్టాలంటున్నాడు. నేను చాలా రోజులు ఒప్పుకోలేదు, వానలకు నా పుస్తకాలు రెండోసారి తడిసినంక ఒప్పుకున్నాను. మొన్న మేస్త్రీ వచ్చాడు. గల్లీలో నిలబడి దారం పట్టి చూశాడు, లోపలికి దిగాడు, మళ్లీ ఎక్కాడు.

"బేస్‌మెంట్ ఎంత ఎత్తు పెడ్దామమ్మా?" అన్నాడు.

"ఇంకో యాభై ఏండ్లకు గల్లి ఎంత లేస్తదో చెప్పు, నేను ఎత్తు చెప్త" అన్నాను.

ఆయన నవ్వలేదు. ఎదురిల్లు చూశాడు, మలుపు దాకా చూశాడు, వేళ్ల మీద ఏదో లెక్కేసుకున్నాడు.

"మూడు మెట్లు పెడ్దాం" అన్నాడు.